డిప్టెరోకార్ప్ అడవులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆగ్నేయాసియా అడవుల మీద ఏ చర్చ జరిగినా మాట చివరికి పెద్ద చెట్ల దగ్గరే ఆగిపోతుంది. ఎంత ఎత్తు, ఎంత లావు, ఎన్ని కొట్టేశారు అని. నాకు మాత్రం ఆ చెట్టు కింద నేల మీద ఎంత నారు ఉందనేదే అసలు ప్రశ్న అనిపిస్తుంది. కింద ఇచ్చిన జవాబుల్లో ఆ మాట పదే పదే వస్తుంది.

డిప్టెరోకార్ప్ అంటే ఏమిటి?

గ్రీకులో "డి" అంటే రెండు, "ప్టెరాన్" అంటే రెక్క, "కార్పోస్" అంటే కాయ. మొత్తం కలిపితే రెండు రెక్కల కాయ. బ్లూమ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1825లో ఈ కుటుంబానికి ఆ పేరు పెట్టాడు. నిజానికి రెక్కలు రెండే ఉండాలని లేదు. కొన్నిటికి మూడు, కొన్నిటికి ఐదు, కొన్నిటికి అసలు ఉండవు.

ఒక కాయను అరచేతిలో పెట్టుకుని చూడండి. కింద గట్టి గింజ, దాని మీద ఎండు రేకుల్లాంటి పొడవాటి రెక్కలు, రెక్కల మీద నిలువునా ఈనెలు. పువ్వు అడుగున ఉండే రక్షకపత్రాలే సాగి ఇలా రెక్కలవుతాయి. పైనుంచి వదిలితే గిరగిరా తిరుగుతూ దిగుతుంది. ఇంత ఏర్పాటు ఉన్నా చాలా గింజలు తల్లి చెట్టు నుంచి కొన్ని పదుల మీటర్ల లోపే పడిపోతాయి. తల్లి చెట్టు లేని చోటికి కొత్త మొక్క తనంతట తాను రావడం అందుకే చాలా కష్టం.

కుటుంబంలో దాదాపు 700 జాతులున్నాయి. ఒక్క బోర్నియో దీవిలోనే 270 దాకా ఉన్నాయి. మనకు తెలిసిన సాల వృక్షం, జలారి కూడా ఈ కుటుంబానివే. గుగ్గిలం సాల చెట్టు బంకే.

ఈ అడవులు ఎక్కడున్నాయి? అన్నీ ఒకే రకమా?

భారత్, శ్రీలంక నుంచి మయన్మార్, థాయ్‌లాండ్, మలేషియా, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ మీదుగా న్యూగినీ దాకా ఉన్నాయి. ఆఫ్రికాలో, దక్షిణ అమెరికాలో కూడా దూరపు చుట్టాలు కొన్ని ఉన్నాయి కానీ అడవంతా ఈ చెట్లే ఏలేది ఆసియాలోనే.

అన్నీ ఒకే రకం కాదు. ఏడాది పొడవునా వానపడే బోర్నియో, సుమత్రా, మలయా ద్వీపకల్పంలో ఉన్నవి సతత హరిత అడవులు. థాయ్‌లాండ్, కంబోడియా, లావోస్, వియత్నాం, మయన్మార్‌లలో వేసవికి ఆకు రాల్చే పొడి డిప్టెరోకార్ప్ అడవులున్నాయి. అక్కడ చెట్టుకూ చెట్టుకూ మధ్య గడ్డి ఉంటుంది. ఇవి కాక చిత్తడి పీట్ నేలల్లో, అంటే సగం కుళ్లిన ఆకూ కొమ్మా పొరలుగా పేరుకున్న నేలల్లో, పెరిగేవి వేరు. ఒకదానికి పనికొచ్చే పద్ధతి ఇంకోదానికి చేటు చేస్తుంది. నిప్పు విషయంలో ఇది బాగా తెలుస్తుంది, ఆ సంగతి కింద చెబుతాను.

నిజంగా అంత ఎత్తు పెరుగుతాయా?

పెరుగుతాయి. బోర్నియోలోని మలేషియా రాష్ట్రం సబాలో, డానమ్ వ్యాలీలో ఉన్న ఒక పసుపు మెరాంటీ అనే డిప్టెరోకార్ప్ చెట్టు ఎత్తు 100.8 మీటర్లు. 2018లో లేజర్‌తో గుర్తించారు, ఆ తర్వాత మనిషి పైదాకా ఎక్కి టేపు వదిలి కొలిచాడు. "మెనారా" అని పేరు పెట్టారు, మలయ్ భాషలో గోపురం అని అర్థం.

ఏటా పూత పూయవా?

పూయవు. ఈ అడవి నిర్వహణలో ఎవరు ఏ లెక్క వేసినా మొదట తెలుసుకోవాల్సింది ఇదే.

సతత హరిత డిప్టెరోకార్ప్ అడవుల్లో రెండేళ్ల నుంచి పదేళ్ల వరకు ఎంత ఎడమైనా రావచ్చు. అప్పటిదాకా అడవి ఊరికే ఆకుతో నిలబడి ఉంటుంది. ఆ తర్వాత ఒకేసారి వందల కిలోమీటర్ల మేర, పదుల జాతుల చెట్లు కలిసికట్టుగా పూస్తాయి. చాలాసార్లు ఎల్ నినో (పసిఫిక్ సముద్రం వేడెక్కి ఈ ప్రాంతంలో వానలు తగ్గే పరిస్థితి) వచ్చిన ఏడాదే ఇది జరుగుతుంది. కొన్ని వారాల పొడి వాతావరణం, దాంతో పాటు రాత్రి ఉష్ణోగ్రత కొద్దిగా పడిపోవడం చెట్లకు సూచన అని శాస్త్రవేత్తలు చెబుతారు. పూత రాగానే పెద్ద కొండ తేనెటీగలు వలస వస్తాయి. కొన్ని మెరాంటీ జాతులకు మాత్రం కంటికి ఆనీ ఆననంత చిన్న తామర పురుగులే పరాగ సంపర్కం చేస్తాయి. పంటల్లో మనం మందు కొట్టి చంపే తామర పురుగుల జాతివే అవి. ఇక్కడ వాటివల్లే అరవై మీటర్ల చెట్టుకు కాయ పడుతుంది.

ఇలా కలిసి కాయడానికి కారణం ఉంది. అడవి పందులు, ఉడతలు, చిలుకలు, పురుగులు అన్నీ ఈ గింజల మీద పడతాయి. ఏటా కొద్దికొద్దిగా కాస్తే మొత్తం తినేస్తాయి. కొన్నేళ్లు పస్తు పెట్టి ఒక్కసారి కుప్పలు పోస్తే తినేవాళ్ల కడుపు నిండినా ఇంకా మిగులుతాయి. ఆ మిగిలినవే మొలుస్తాయి.

అయితే అడవి చిన్న ముక్కలైపోతే ఈ లెక్క పనిచేయదు. పశ్చిమ కాలిమంతాన్‌లోని (కాలిమంతాన్ అంటే బోర్నియోలో ఇండోనేషియా భాగం) గునుంగ్ పాలుంగ్ నేషనల్ పార్కులో 1998లో అదే జరిగింది. బాగా పూసింది, కాసింది. కానీ చుట్టూ అడవి పోవడంతో ఆకలితో ఉన్న జంతువులన్నీ పార్కులోకే వచ్చాయి. పైగా కరువు, పొగ. నేల మీద మొలకలు దాదాపు మిగల్లేదు. పార్కు హద్దుల లోపల అడవి నిలిచే ఉన్నా ఒక తరం నారు పోయింది. హద్దు గీసి కాపలా పెడితే చాలనుకునే వాళ్లు ఈ ఉదాహరణ తప్పక తెలుసుకోవాలి.

విత్తనాలు సేకరించి దాచుకోవచ్చు కదా?

వరి, కంది దాచినట్టు వీటిని దాచలేం. డిప్టెరోకార్ప్ గింజలో నీటి శాతం ఎక్కువ. ఎండబెడితే చస్తుంది, ఫ్రిజ్‌లో పెట్టినా చాలా జాతులవి చస్తాయి. నేల మీద పడిన కొద్ది రోజుల్లో, మహా అయితే కొన్ని వారాల్లో మొలవాలి, లేదంటే కుళ్లిపోతుంది. కాబట్టి విత్తన బ్యాంకు అనే మాటే ఇక్కడ కుదరదు. మట్టిలో నిద్రపోతున్న గింజలు కూడా ఉండవు.

ఉన్నదల్లా నేల మీది నారే. మొలిచిన మొక్క రెండు మూడు ఆకులతో, జానెడు ఎత్తుతో, దట్టమైన నీడలో ఏళ్ల తరబడి అలాగే ఉండగలదు. పైన ఒక పెద్ద చెట్టు కూలి వెలుతురు పడగానే సాగడం మొదలుపెడుతుంది. అంటే పదేళ్ల కిందటి పూత ఇప్పటికీ కాళ్ల కింద బతికే ఉంటుంది. బుల్డోజర్ ఒక్కసారి అటు ఇటు తిరిగితే ఆ నారంతా పోతుంది, మళ్లీ ఎప్పుడు పూస్తుందో ఎవరూ చెప్పలేరు.

నర్సరీలు కూడా ఈ నారు మీదే ఆధారపడతాయి. పూసిన ఏడాది మొక్కలు తీసుకొచ్చి సంచుల్లో పెట్టి నీడలో సాకుతారు. ఇక్కడ చాలామంది మర్చిపోయే సంగతి ఒకటుంది. ఈ చెట్ల వేళ్లకు శిలీంధ్రాలు తొడుగులా అంటుకుని ఉంటాయి. వాటి సాయంతోనే చెట్టు బలం లేని నేలలోంచి పోషకాలు లాక్కుంటుంది. తల్లి చెట్టు కింద నుంచి పిడికెడు మట్టి తెచ్చి సంచిలో కలపడం అందుకే.

కలప కొట్టిన అడవి ఇక పోయినట్టేనా?

కాదు. ఈ అపోహ వల్ల చాలా నష్టం జరిగింది. "ఎలాగూ కొట్టేసిన అడవే, ఏముంది ఇందులో" అని మొత్తం నరికి తోటలు వేసేశారు.

సబాలో రెండుసార్లు కొట్టిన అడవుల్లో చేసిన అధ్యయనాల్లో ముట్టని అడవిలో ఉండే పక్షి జాతుల్లో, పేడపురుగు జాతుల్లో 75 శాతానికి పైగా ఇంకా కనిపించాయి. ప్రపంచవ్యాప్తంగా ఉష్ణమండల అడవుల అధ్యయనాలను 2012లో ఒకచోట చేర్చి చూస్తే, ఒకసారి ఎంచి కొట్టిన అడవిలో సుమారు 76 శాతం కార్బన్ మిగిలే ఉందని తేలింది. జాతులు 85 నుంచి 100 శాతం దాకా నిలిచాయి. కలప దిగుబడి మాత్రం రెండోసారికి దాదాపు సగానికి పడిపోయింది. అంటే కొట్టడం వల్ల అడవికన్నా ముందు దెబ్బ తినేది కలప వ్యాపారమే.

అడవి నిజంగా పోయేది ఆ తర్వాత జరిగే వాటివల్ల. కలప కోసం వేసిన రోడ్డు పట్టుకుని వేట, ఆక్రమణ వస్తాయి. గడువు రాకముందే మళ్లీ కొడతారు. ఎండిన కొమ్మారెమ్మకు నిప్పంటుకుంటుంది. చివరికి పామాయిల్ తోటో, కాగితం గుజ్జు కోసం అకేసియా తోటో వస్తుంది. 1985 నుంచి 2001 మధ్య ఇండోనేషియా బోర్నియోలో రక్షిత ప్రాంతాల లోపలి పల్లపు అడవులే 56 శాతానికి పైగా తగ్గిపోయాయి. కాగితం మీద రక్షణ ఉన్న అడవుల సంగతి ఇది.

ఏయే పద్ధతుల్లో కలప తీశారు? ఏది ఫలించింది?

నాకు చాలా ఇష్టమైన భాగం ఇది.

మలయాలో 1948లో "మలయన్ యూనిఫామ్ సిస్టమ్" మొదలైంది. చెట్లు కొట్టే ముందు అటవీ సిబ్బంది అడవిలో వరసగా చిన్న చదరాలు గీసుకుంటూ వెళ్లేవారు. ఒక్కో చదరం ఎకరంలో వెయ్యో వంతు, అంటే ఇటు రెండు మీటర్లు అటు రెండు మీటర్లు. చదరంలో మోకాళ్ల మీద కూర్చుని మంచి జాతి నారు ఉందా లేదా అని చూసేవారు. తగినంత నారు ఉందని తేలాకే 45 సెంటీమీటర్ల వ్యాసం దాటిన చెట్లన్నీ ఒక్కసారే కొట్టి, పనికిరాని వాటికి విషం పెట్టి, సుమారు 70 ఏళ్లు వదిలేసేవారు. విషం పెట్టడం నాకు నచ్చదు, దానివల్ల ఎన్నో ఇతర జాతులు పోయాయి. కానీ ముందు నారు లెక్క, తర్వాతే రంపం అనే క్రమం మాత్రం ఆ తర్వాతి పద్ధతుల్లో ఎక్కడా అంత నిజాయితీగా కనిపించదు.

పల్లపు నేలల్లో ఇది బాగానే నడిచింది. కానీ ఆ నేలలన్నీ రబ్బరు, పామాయిల్ తోటలకు పోయాయి. అడవి కొండల మీదే మిగిలింది. కొండ మీద నారు ఒకచోట ఉంటే పది చోట్ల ఉండదు, వాలులో యంత్రాలు తిరిగితే మట్టి కోసుకుపోతుంది. దాంతో మలేషియా 1978లో ఎంచి కొట్టే పద్ధతికి మారింది. డిప్టెరోకార్ప్‌లకు కనీసం 50 సెంటీమీటర్ల వ్యాసం, మళ్లీ అదే చోటికి 30 ఏళ్లకు. ఇండోనేషియా 1972లోనే ఇలాంటిది తెచ్చింది, అప్పట్లో అక్కడ గడువు 35 ఏళ్లు.

30 ఏళ్లు సరిపోతాయా?

నా అభిప్రాయంలో చాలా చోట్ల సరిపోవు. సహజ అడవిలో చెట్టు లావు ఏడాదికి సగటున సెంటీమీటరులో సగం అటూ ఇటూ పెరుగుతుంది. 30 ఏళ్లకు పదిహేను సెంటీమీటర్లు. అంటే రెండో కోతకు 50 సెంటీమీటర్లు దాటాలంటే మొదటి కోత నాటికే 35 ఉన్న చెట్లు దెబ్బ తినకుండా మిగలాలి. ఆ మధ్య రకం చెట్లే యంత్రాల కింద ఎక్కువగా విరుగుతాయి. కాబట్టి గడువు ఎంత అని అడిగే ముందు మధ్య రకం చెట్లు హెక్టారుకు ఎన్ని మిగిలాయో చూడాలి.

తక్కువ నష్టంతో కొట్టడం అంటే ఏం చేస్తారు?

దీన్ని రిడ్యూస్డ్ ఇంపాక్ట్ లాగింగ్ అంటారు. సబాలో 1992 నుంచి దీన్ని పెద్ద ఎత్తున పరీక్షించారు. తాను వదిలే కార్బన్‌కు బదులుగా అడవిలో కార్బన్ నిలిపానని చూపించుకోవడానికి అమెరికా విద్యుత్ కంపెనీ ఒకటి డబ్బు పెట్టింది.

మాయ ఏమీ లేదు, పని పద్ధతిగా చేయడమే. కొట్టడానికి నెలల ముందే పెద్ద తీగలు కోస్తారు. తీగలు చెట్టునూ చెట్టునూ కట్టేసి ఉంటాయి, ఒకటి పడితే పక్కవాటినీ లాక్కుపోతుంది. కొట్టబోయే చెట్టునూ, ఉంచాల్సిన తల్లి చెట్టునూ మ్యాపు మీద గుర్తిస్తారు. దుంగలు ఈడ్చే దారి ముందే గీస్తారు, బుల్డోజర్ ఆ దారి దాటకూడదు, దుంగను కేబుల్‌తో దారి దగ్గరికి లాగాలి. చెట్టును ఎటు పడాలో అటే పడేలా కోస్తారు. వాగుల పక్కన చెట్లు కొట్టకుండా వదిలేస్తారు, వానలో పని ఆపేస్తారు. పని అయ్యాక దారికి అడ్డంగా కాలవలు తీస్తారు, లేకపోతే ఆ దారే వాగవుతుంది. ఇలా చేస్తే మిగతా చెట్లకు జరిగే నష్టం సుమారు సగానికి తగ్గింది.

కానీ దీనికీ హద్దుంది. తూర్పు కాలిమంతాన్‌లో చేసిన పరిశోధనలో హెక్టారుకు 8 చెట్లకు మించి కొడితే ఎంత జాగ్రత్తగా కొట్టినా ప్రయోజనం కరిగిపోయిందని తేలింది. డిప్టెరోకార్ప్ అడవిలో అమ్ముడుపోయే చెట్లు అంతకంటే ఎక్కువే ఉంటాయి. అందుకే కనీస వ్యాసం ఒక్కటే నియమంగా పెట్టడం చాలదు, ఎన్ని కొట్టాలో కూడా పరిమితి ఉండాలి.

సర్టిఫికెట్లను నమ్మొచ్చా?

ఊరికే కొట్టిపారేయొద్దు, గుడ్డిగా నమ్మొద్దు. సబాలోని డెరమకోట్ రిజర్వు అడవి, సుమారు 55,000 హెక్టార్లు, 1997లో ఎఫ్‌ఎస్‌సీ (అడవిని బాధ్యతగా నిర్వహిస్తున్నారని ధ్రువీకరించే అంతర్జాతీయ సంస్థ) సర్టిఫికెట్ తెచ్చుకుంది. అప్పటినుంచి నిలబెట్టుకుంటూ వస్తోంది. ఒరంగుటాన్‌లు, ఏనుగులు ఉన్న అడవిలోనే కలప కూడా తీస్తున్నారు. ఇండోనేషియా 2016 నవంబరులో ఐరోపాకు చట్టబద్ధ కలప లైసెన్సులు ఇచ్చిన మొదటి దేశమైంది. అయితే చట్టబద్ధం వేరు, సుస్థిరం వేరు. అడవిని నరికి తోట వేయడానికి అనుమతి ఉంటే ఆ కలప కూడా చట్టబద్ధమే అవుతుంది.

పూర్తిగా నిషేధిస్తే గొడవ వదిలిపోతుంది కదా?

1988 నవంబరులో దక్షిణ థాయ్‌లాండ్‌లో వరదలు వచ్చి, కొండచరియలతో పాటు దుంగలు ఊళ్ల మీద పడ్డాయి. 1989లో థాయ్‌లాండ్ సహజ అడవుల్లో కలప కొట్టడం నిషేధించింది. అక్కడి అడవులకు ఊపిరి దొరికింది. కలప గిరాకీ మాత్రం మయన్మార్, లావోస్, కంబోడియాలకు తరలింది. నిషేధం తప్పని నేననను. పక్క దేశాలతో కలిసి చేయకపోతే భారం వాళ్ల మీద పడుతుందంటున్నాను. 2007లో బ్రూనై, ఇండోనేషియా, మలేషియా బోర్నియో నడిబొడ్డు అడవులను కాపాడటానికి కలిసి సంతకం చేసిన "హార్ట్ ఆఫ్ బోర్నియో" ఒప్పందం, సుమారు 2,20,000 చదరపు కిలోమీటర్లకు, ఆ దృష్టితో చూస్తే సరైన దిశలో వేసిన అడుగు.

నిప్పు సంగతేమిటి?

తడి అడవికి నిప్పు పరాయిది. ఆ చెట్ల బెరడు పలచన, నారు ఒక్క సెగకే పోతుంది. 1982-83 ఎల్ నినోలో తూర్పు కాలిమంతాన్‌లో 30 లక్షల హెక్టార్లకు పైగా కాలిపోయింది. కొట్టి వదిలేసిన అడవుల్లో నష్టం మరీ ఎక్కువ. పీట్ నేలల్లో కాలువలు తవ్వి నీరు తీసేస్తే నేలే కాలుతుంది. కాలువలు పూడ్చడమే అక్కడ అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని.

పొడి డిప్టెరోకార్ప్ అడవి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. అక్కడ వేసవిలో గడ్డి మంటలు మామూలే. బెరడు మందం, మొక్క కాలినా వేరు నుంచి మళ్లీ చిగురిస్తుంది. చెట్లు పలచగా ఉన్నాయని దాన్ని పాడైన అడవి అనుకుని దట్టంగా వేరే మొక్కలు నాటడం పెద్ద పొరపాటు. ఆ గడ్డి మీద బతికే బాంటెంగ్ అడవి పశువులకు, ఎల్డ్ జింకలకు అదే ఇల్లు.

మళ్లీ నాటితే అడవి వస్తుందా?

తల్లి చెట్లు మిగలని చోట నాటడం తప్ప దారి లేదు. సబాలో కొట్టేసిన అడవిలో తీగలు కోసి, డిప్టెరోకార్ప్ మొక్కలు నాటిన భాగాలనూ, ఊరికే వదిలేసిన భాగాలనూ పోల్చారు. 2020లో వచ్చిన ఫలితం ప్రకారం వదిలేసిన చోట ఏడాదికి హెక్టారుకు 2.9 టన్నుల కార్బన్ తిరిగి చేరితే, పని చేసిన చోట 4.4 టన్నులు చేరింది. అదే ప్రాంతంలో 2002లో 500 హెక్టార్లలో మొదలైన ఇంకో ప్రయోగంలో ఒకే జాతి నాటిన చోట కన్నా 16 జాతులు కలిపి నాటిన చోట అడవి త్వరగా కోలుకుంది.

మలేషియాలోని కెపాంగ్‌లో తగరం గనులు తవ్వి పాడుచేసిన నేలలో 1920ల చివర నుంచి డిప్టెరోకార్ప్‌లు నాటుతూ వచ్చారు. ఇప్పుడక్కడ కపూర్ అనే డిప్టెరోకార్ప్ చెట్ల కింద నిలబడి పైకి చూస్తే కొమ్మలు ఒకదాన్నొకటి తాకకుండా మధ్యలో ఆకాశం సన్నని వాగుల్లా కనిపిస్తుంది. 2025లో అది యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

నాటాక పని అయిపోయిందనుకోవద్దు. మొదటి కొన్నేళ్లు తీగలు, గడ్డి తీయాలి. పూర్తి నీడలో మొక్క కదలదు, పూర్తి ఎండలో మాడిపోతుంది. పైన కొంచెం తెరిపి ఉండాలి. ఆ తెరిపి ఎంత అనేది చేత్తో పని చేసిన వాళ్లకే తెలుస్తుంది.

చెట్టు కొట్టకుండా ఆదాయం వచ్చే దారులున్నాయా?

ఉన్నాయి, ఎప్పటినుంచో ఉన్నాయి. సుమత్రా దక్షిణాన క్రుయి ప్రాంతంలో రైతులు పోడు చేసి వరి వేసుకుని, ఆ తర్వాత కాఫీ, మిరియాలు పెట్టి, వాటి మధ్య డామర్ అనే బంకనిచ్చే డిప్టెరోకార్ప్ మొక్కలు నాటేవారు. కాఫీ అయిపోయే నాటికి డామర్ చెట్లు ఎదిగేవి. సుమారు ఇరవై ఏళ్లకు బంక మొదలవుతుంది. మాను మీద వరసగా ముక్కోణపు గుంటలు చెక్కుతారు. రైతు పేము పట్టీ నడుముకు కట్టుకుని ఆ గుంటల్లోనే కాళ్లు పెట్టి పైకెక్కుతాడు. గుంటలో గట్టిపడిన పసుపు బంకను గొడ్డలితో పెచ్చులుగా ఊడదీసి, గుంటను కొంచెం చెక్కి తాజా చేసి దిగుతాడు. రంగులు, వార్నిష్, ధూపానికి అది వెళుతుంది. దూరం నుంచి చూస్తే తోట అనుకోరు, అడవే అనుకుంటారు. ప్రభుత్వం కూడా ప్రభుత్వ అడవి అనే అంది. చివరికి 1998లో 29,000 హెక్టార్లలో ఆ రైతుల నిర్వహణను ప్రత్యేక ఉత్తర్వుతో గుర్తించింది.

కంబోడియాలోనూ బంక చెట్ల మీద వేల కుటుంబాలు బతుకుతాయి. జనం బంక తీసుకునే చెట్టును కొట్టకూడదని అక్కడి 2002 అటవీ చట్టం చెబుతుంది. అయినా దొంగతనంగా కొడుతూనే ఉన్నారు. బోర్నియోలో కొన్ని డిప్టెరోకార్ప్ చెట్లకు కాసే ఇల్లిపె గింజల కొవ్వు చాక్లెట్లలోకి, సౌందర్య సాధనాల్లోకి పోతుంది. కానీ ఆ గింజలు కూడా పూసిన ఏడాదే వస్తాయి, ఏటా ఆదాయం అని లెక్క వేసుకోలేం.

వాతావరణం వేడెక్కితే పూత మీద ప్రభావం ఉంటుందా?

చెట్లకు సూచన రాత్రి చల్లదనమే అయితే, రాత్రులు వేడెక్కే కొద్దీ ఆ సూచన అందకుండా పోవచ్చన్నదే భయం. నాకు బాగా టెన్షన్ పెట్టే విషయం ఇదే. పూత ఎడం పదేళ్ల నుంచి ఇంకా పెరిగితే నేల మీద నారు ఆగదు.

కొనేవాళ్లం మేం ఏం చూడాలి?

ముందు పేర్లు తెలుసుకోండి. మెరాంటీ, లవాన్, కెరుయింగ్, కపూర్, బలావ్, చెంగల్, గర్జన్ ప్లైవుడ్‌లోని గర్జన్, అన్నీ ఈ కుటుంబమే. "ఫిలిప్పీన్ మహాగని" అని అమ్మేది కూడా మహాగని కాదు, ఇదే. కలప ఏ దేశం, ఏ అడవి నుంచి వచ్చిందో అడగండి. సర్టిఫికెట్ నంబరు ఇస్తే ఆ సంస్థ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి, రెండు నిమిషాల పని. అది సహజ అడవిని నిలబెట్టుకుంటూ తీసిన కలపా, అడవిని మొత్తం నరికేటప్పుడు వచ్చిన కలపా అన్నది విడిగా అడగండి. అమ్మేవాళ్లకు వెంటనే తెలియకపోవచ్చు. దిగుమతిదారుకు తెలుస్తుంది, ఎక్కువ మంది అడిగితే కాగితం కిందిదాకా వస్తుంది.